మాలర్ ఆరో సింఫనీ: రెండో భాగం ఏది?

ఆస్ట్రియా స్వరకర్త గుస్తావ్ మాలర్ రాసిన ఆరో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద రచన) కచేరీకి వెళ్లేవాళ్లు ఇప్పటికీ ముందుగా ఆరా తీసే సంగతి ఒకటుంది. నాలుగు భాగాల్లో రెండోదిగా ఏది వాయిస్తారు? కొందరు కండక్టర్లు, అంటే ఆర్కెస్ట్రాను నడిపించేవాళ్లు, మొదటి భాగం ముగియగానే అదే బరువైన నడకతో స్కెర్ట్సో అనే భాగం ఎత్తుకుంటారు. ఇంకొందరు నెమ్మదిగా, లాలనగా సాగే ఆండాంటే అనే భాగం వాయిస్తారు. మొదటి పద్ధతిలో శ్రోతకు అరగంటకు పైగా ఊపిరాడదు. రెండో పద్ధతిలో మధ్యలోనే కాస్త ఊరట దొరుకుతుంది. వందేళ్లు దాటినా తెగని ఈ గొడవ ఎక్కడ పుట్టిందో తెలియాలంటే మాలర్ బతుకు ఎలా గడిచిందో చూడాలి.

ఆయన 1860 జులై 7న బొహీమియాలోని కలిష్టె అనే పల్లెలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. పెరిగింది యిహ్లావాలో. తండ్రిది సారాయి వ్యాపారం. ఊళ్లో సైనిక దళం ఉండేది. ఆ బ్యాండు వాయించే కవాతు బాణీలు పిల్లవాడి చెవిలో పడ్డాయి, జీవితాంతం ఆయన సంగీతంలో వినిపిస్తూనే ఉన్నాయి. పదిహేనేళ్లకు వియన్నా కన్జర్వేటరీలో చేరాడు. చదువయ్యాక పొట్ట గడవడానికి కండక్టర్ పని పట్టుకున్నాడు. 1880లో బాట్ హాల్ అనే చిన్న ఊళ్లో మొదలుపెట్టి ల్యుబ్లియానా, కాసెల్, ప్రాగ్, లైప్‌జిగ్, బుడాపెస్ట్, హాంబర్గ్ తిరిగాడు. 1897లో వియన్నా రాజాస్థాన ఒపేరా (సంగీత నాటకశాల)లో పదవి దక్కింది. చక్రవర్తి కొలువులోని ఆ పదవి యూదుడికి ఇచ్చే పరిస్థితి లేదు కనుక అదే ఏడాది ఫిబ్రవరిలో క్యాథలిక్ మతం పుచ్చుకున్నాడు. అయినా అక్కడి పత్రికల్లో కొన్ని ఆయన పుట్టుకను ఎత్తిపొడవడం మానలేదు.

ఒపేరా సీజన్ నడిచినన్నాళ్లూ రిహార్సల్సు, ప్రదర్శనలు, గాయకులతో తగాదాలు. సొంత సంగీతం రాసుకోవడానికి మిగిలింది వేసవి సెలవులే. ఆరో సింఫనీని 1903, 1904 వేసవుల్లో వ్యోర్టర్ సరస్సు ఒడ్డున మయర్నిగ్‌లో, ఇంటికి కాస్త దూరంగా చెట్ల మధ్య కట్టించుకున్న చిన్న గదిలో రాశాడు.

అసలు కిటుకు ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఏకాంతంలో రాసింది ఆర్కెస్ట్రా ముందు నిలబడి విన్నాకే ఆయనకు పూర్తిగా తేలేది. 1889లో బుడాపెస్ట్‌లో ఐదు భాగాలుగా వినిపించిన మొదటి సింఫనీలోంచి తర్వాత ఒక భాగాన్నే తీసేశాడు. ఐదో సింఫనీ వాద్య రచనను చివరి రోజుల దాకా దిద్దుతూనే ఉన్నాడు.

ఆరో సింఫనీ విషయంలో తొలి ప్రదర్శనకు ముందే స్వరప్రతి అచ్చయిపోయింది. అందులో స్కెర్ట్సో రెండోది. 1906 మే 27న ఎస్సెన్‌లో తొలి ప్రదర్శన. రిహార్సల్సులో విన్నాక మాలర్ వరుస మార్చి ఆండాంటేను ముందుకు తెచ్చాడు. అప్పటికే అచ్చయిన ప్రతుల్లో సవరణ చీటీ పెట్టించాడు, కొత్త ముద్రణ వేయించాడు. చివరి భాగంలో పెద్ద సుత్తితో కొట్టే మూడు దెబ్బల్లో మూడోదాన్ని కూడా తీసేశాడు. ఆ తర్వాత మ్యూనిక్‌లో, 1907 జనవరిలో వియన్నాలో ఈ సింఫనీని మళ్లీ నడిపించాడు. కొత్త వరుసలోనే. అంతే, తర్వాత దాన్ని ఆయన ముట్టుకోలేదు. ఆ ఏడాదే పెద్ద కూతురు చనిపోయింది, ఆయన గుండెలో లోపం బయటపడింది, ఒపేరా వదిలేశాడు. న్యూయార్క్ వెళ్లి అక్కడ పనిచేసి, 1911 మే 18న వియన్నాలో కన్నుమూశాడు.

గొడవ ఆయన పోయాక మొదలైంది. ఆమ్‌స్టర్‌డామ్ కండక్టర్ విల్లెమ్ మెంగెల్‌బర్గ్‌కు ఏ వరుస సరైనదో అనుమానం వచ్చి 1919లో మాలర్ భార్య ఆల్మాను అడిగాడు. ‘ముందు స్కెర్ట్సో, తర్వాత ఆండాంటే’ అని ఆమె టెలిగ్రాం ఇచ్చింది. కారణం చెప్పలేదు. 1963లో అంతర్జాతీయ మాలర్ సంఘం తరఫున ఎర్విన్ రాట్స్ పరిష్కరించిన ప్రతి వచ్చింది. మాలర్ చివరికి మనసు మార్చుకుని పాత వరుసకే వచ్చాడన్నది రాట్స్ వాదన. దానికి ఆధారం చూపలేదు. అయినా పరిష్కృత ప్రతి అన్న ముద్ర ఉంది కనుక బెర్న్‌స్టైన్, కరాయాన్, షోల్టీ లాంటి పేరున్న కండక్టర్లంతా దాన్నే అనుసరించారు. రికార్డులు విని పెరిగిన తరానికి అదే అసలు వరుస అయిపోయింది. 1967లో కండక్టర్ బార్బిరోలీ ఆండాంటేను ముందు పెట్టి రికార్డు చేస్తే, కంపెనీ వరుస తిప్పేసి విడుదల చేసింది!

2003లో అదే మాలర్ సంఘం, రైన్‌హోల్డ్ కూబిక్ సంపాదకత్వంలో, ఆండాంటే రెండోదే సరైనదని ప్రకటించింది. ఆ మరుసటి ఏడాది ఈ చరిత్రంతా పత్రాలతో సహా ఒక చిన్న పుస్తకంగా వచ్చింది. కండక్టర్ క్లాడియో అబ్బాడో స్కెర్ట్సోను ముందు వాయించే తన పాత పద్ధతి మార్చుకున్నాడు. మరో కండక్టర్ సైమన్ రాటిల్ మొదటినుంచీ ఆండాంటే పక్షమే.

స్కెర్ట్సో పక్షం వాదనలో బలం లేదనను. మొదటి భాగం, స్కెర్ట్సో రెండూ ‘ఏ మైనర్’ (A minor) అనే ఒకే శ్రుతిలో ఉన్నాయి, ఒకదాన్నొకటి తరుముతున్నట్టుంటాయి. విన్నప్పుడు ఆ దెబ్బ గట్టిగానే తగులుతుంది. కానీ అది మన చెవి తీర్పు. మాలర్ తన చేతులతో నడిపించిన ప్రతిసారీ ఆండాంటేనే ముందు వాయించాడు. ఆ మార్పు వెనక్కి తీసుకుంటున్నానని ఆయన రాసిన ఒక్క కాగితం కూడా ఇంతవరకూ బయటపడలేదు.