ఎత్తైన శిఖరాలకు తేలికైన బ్యాగు: అపోహలు - వాస్తవాలు

శిఖరయాత్రకు బయలుదేరే బృందాల బ్యాగులు విప్పించి, ఒక్కో వస్తువునూ తూకం వేయించడం నా పనిలో భాగం. టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసి సంబరపడే మనిషి బ్యాగులోనే మూడు ఫ్లీస్ జాకెట్లు కనిపిస్తుంటాయి. కొందరైతే బరువు పేరు చెప్పి, ప్రాణం నిలిపే వస్తువులనే ఇంట్లో వదిలేసి వస్తారు. వాళ్లను చూస్తేనే నాకు ఎక్కువ భయం. నేను తరచూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎక్కడ ఏ గ్రాము తగ్గినా లాభమే.

వాస్తవం: బరువంతా పెద్ద వస్తువుల్లోనే ఉంటుంది. ఖాళీగానే రెండున్నర కిలోలు తూగే, వీపుకు తగిలించుకునే రక్‌శాక్‌లు ఉన్నాయి, అదే పనికి కిలోన్నర లోపు వచ్చేవీ ఉన్నాయి. ఆ ఒక్క మార్పుతో తగ్గేంత బరువు, చిన్న వస్తువులను ఎంత చెక్కినా తగ్గదు. ఆ తర్వాత చూడాల్సింది ఉమ్మడి సామాను. ఇద్దరికి ఒక స్టవ్, ఒక గిన్నె, బృందానికంతా ఒకే మరమ్మతు సామగ్రి, ఒకే మందుల పెట్టె సరిపోతాయి. ముందుగా కూర్చుని పంచుకోకపోతే నలుగురి బ్యాగుల్లో నాలుగు కత్తులు, నాలుగు టేపు చుట్టలు తేలతాయి.

బూట్లు, వాటి అడుగున బిగించుకునే ముళ్ల చట్రాలైన క్రాంపాన్ల బరువు మరో లెక్క. వాటిని అడుగడుగునా ఎత్తాలి కాబట్టి, అదే బరువు వీపున మోసినప్పటికంటే కొన్ని రెట్లు ఎక్కువ శ్రమ పడుతుంది. అలాగని అల్యూమినియం క్రాంపాన్లు అన్నిచోట్లా పనికిరావు. మంచు వాలు మీద బాగానే ఉంటాయి. గట్టి ఐసు, రాయి కలిసిన దారిలో వాటి మొనలు త్వరగా అరిగిపోతాయి. అక్కడ ఉక్కువే కావాలి.

అపోహ: తేలికగా వెళ్లాలంటే ఏ వస్తువూ రెండోది ఉండకూడదు.

వాస్తవం: గ్లౌజులు రెండో జత ఉండి తీరాలి. దీని మీద నేను ఎవరితోనూ రాజీపడను. 1950 జూన్ 3న ఫ్రెంచ్ పర్వతారోహకులు మోరిస్ హెర్జోగ్, లూయీ లాషెనాల్ నేపాల్లోని అన్నపూర్ణ శిఖరం చేరారు. 8,000 మీటర్లు దాటిన శిఖరాన్ని మనిషి ఎక్కడం అదే మొదటిసారి. దిగేటప్పుడు బ్యాగు తెరవబోయి హెర్జోగ్ తీసిపెట్టిన గ్లౌజులు వాలు వెంట జారిపోయాయి. బ్యాగులో అదనపు మేజోళ్లు ఉన్నాయి, చేతులకు తొడుక్కోవచ్చు. ఆ ఎత్తులో ఆ ఆలోచనే ఆయనకు రాలేదు. చివరికి చేతివేళ్లు, కాలివేళ్లు కోల్పోయారు. ప్రాణవాయువు తక్కువైతే బుర్ర ఎలా మొద్దుబారుతుందో ఇక్కడ కనిపిస్తుంది. పైకి వెళ్లాక ఉపాయం తోస్తుందిలే అనుకుని వస్తువు వదిలేయకండి. గ్లౌజులకు మణికట్టు చుట్టూ వేసుకునే తాడు కుట్టించుకోండి, దాని బరువు లెక్కలోకే రాదు. క్రాంపాన్ పట్టీ బిగించడానికి చెయ్యి బయటకు తీసిన క్షణంలోనే గాలి గ్లౌజును లాక్కుపోతుంది.

అపోహ: చుట్టూ మంచు ఉంటే నీళ్లకు కొదవేమిటి? ఇంధనం తగ్గించుకోవచ్చు.

వాస్తవం: మంచు కరిగితేనే నీళ్లు. సున్నా డిగ్రీల వద్ద ఉన్న ఒక కిలో మంచును కేవలం నీరుగా మార్చడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అదే వేడితో కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా వేడి చేయవచ్చు. మంచు సున్నా కంటే చల్లగా ఉంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది. రోజుకు మనిషికి మూడు నాలుగు లీటర్ల చొప్పున లెక్క వేయండి, ఇంధనం మీద కత్తెర పెట్టాలన్న ఆలోచన పోతుంది.

గ్యాసు రకం కూడా చూసుకోవాలి. బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల కంటే చల్లబడితే ఆవిరి కాదు, డబ్బా నిండుగా ఉన్నా స్టవ్ వెలగదు. ఐసోబ్యూటేన్ మైనస్ 11.7 వరకు, ప్రొపేన్ మైనస్ 42 వరకు పనిచేస్తాయి కాబట్టి ఆ రెండూ కలిసిన డబ్బాలే తీసుకోండి. బరువు తగ్గించదలిస్తే ఆహారంలో తగ్గించండి. 5,500 మీటర్ల ఎత్తులో నీళ్లు దాదాపు 82 డిగ్రీలకే మరుగుతాయి, ఉడకడానికి చాలాసేపు పడుతుంది. వేడినీళ్లు పోస్తే చాలు అన్నట్లు ఉండే ఎండబెట్టిన ఆహారం మోతనూ తగ్గిస్తుంది, గ్యాసునూ మిగులుస్తుంది.

అపోహ: స్లీపింగ్ బ్యాగు మంచిదైతే కింద పరిచే మ్యాట్ పల్చగా ఉన్నా ఫరవాలేదు.

వాస్తవం: స్లీపింగ్ బ్యాగులో నింపిన ఈకలు ఒంటి కింద నలిగితే వేడిని నిలపవు. మంచునేలకూ మీకూ మధ్య అడ్డు మ్యాట్ ఒక్కటే. బ్యాగు లేబుల్ మీద ఉండే 'ఎక్స్‌ట్రీమ్' అంకెను నమ్మి కొనకండి. అది ప్రాణం నిలుపుకోవడానికి సంబంధించిన హద్దు, నిద్రకు చూడాల్సింది 'కంఫర్ట్' అంకె. ఎలాగూ ఈకలు నింపిన డౌన్ జాకెట్ వెంట ఉంటుంది. అది వేసుకునే పడుకుంటామని ముందే లెక్క వేసుకుంటే కొంచెం తేలికైన బ్యాగు సరిపోతుంది.

అపోహ: మోత తక్కువైతే వేగంగా ఎక్కేస్తాం, ఎత్తైన చోట్ల ఆక్సిజన్ తగ్గి వచ్చే మౌంటెన్ సిక్‌నెస్ దరిచేరదు.

వాస్తవం: ఎక్కువ మందిని ముంచేది ఈ నమ్మకమే. 5,500 మీటర్ల వద్ద గాలి పీడనం సముద్రమట్టం కంటే దాదాపు సగానికి పడిపోతుంది. శరీరం దానికి అలవాటు పడే వేగాన్ని బ్యాగు బరువు మార్చలేదు, కండబలమూ మార్చలేదు. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి రోజు ఉండాలి. ఆ రోజులకు తగ్గ తిండి, ఇంధనం మోయక తప్పదు.

1975లో రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హాబెలర్ ఇద్దరే, ఆక్సిజన్ సిలిండర్లు లేకుండా, ముందుగా ఏర్పాటు చేసిన శిబిరాలు లేకుండా 8,080 మీటర్ల గాషెర్‌బ్రమ్-1 ఎక్కారు. దాన్ని ఉదాహరణగా చూపించి సామాను వదిలేసేవారు, ఆ ఇద్దరికీ అంతకుముందే ఎన్నేళ్ల అనుభవం ఉందో కూడా చూడాలి.

అపోహ: మబ్బు పట్టిన రోజు నల్ల కళ్లద్దాలు అక్కర్లేదు.

వాస్తవం: కావాలి. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది, మబ్బు వాటిని పూర్తిగా ఆపదు. కళ్ల మంట కొన్ని గంటల తర్వాతే మొదలవుతుంది, అప్పటికే ఆలస్యం. బృందానికి ఒక అదనపు జత చాలు.

అపోహ: హెడ్‌ల్యాంప్‌కు అదనపు బ్యాటరీలు ఉంటే చాలు.

వాస్తవం: అర్ధరాత్రి, గాలిలో, లావు గ్లౌజులతో, వెలుగు లేకుండా బ్యాటరీలు మార్చి చూడండి. వాటికి బదులు చిన్న రెండో ల్యాంప్ పెట్టుకోవడం మేలు, బరువులో పెద్ద తేడా ఉండదు. మామూలు ఆల్కలైన్ సెల్స్ చలికి త్వరగా చతికిలబడతాయి కాబట్టి లిథియంవి వాడండి. ఫోనును, ల్యాంప్‌ను లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండేలా పెట్టుకోండి.