గుండె ఆపరేషన్ అయిన అమ్మాయి కడుపుతో ఉంటే

గుంటూరు కొత్తపేటలో ఓ గైనకాలజిస్టు గది బయట కూర్చున్నాను. పక్కన తల్లీకూతుళ్లు. "చిన్నప్పటి ఆపరేషన్ సంగతి చెప్పాలా అమ్మా?" "ఎందుకే, ఎప్పుడో బాగైపోయిందిగా!" పెళ్లిచూపుల్లో దాచిన మచ్చని డాక్టరు దగ్గరా దాచేస్తాం.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్తల్లో గుండె ఆపరేషన్లు చేయించుకున్న పసివాళ్లకు ఇప్పుడు పెళ్లీడు. వాళ్లలో చాలామంది నిశ్చింతగా తల్లులు కావచ్చు. అయితే "గుండెకి చిల్లు పడితే మూసేశారు" అనే మాట వెనక ఏ జబ్బుందో తేలాలి.

కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, గుండె ఆ మేరకు ఎక్కువ తోడాలి. గదుల మధ్య చిల్లు చిన్నప్పుడే పూర్తిగా మూసేసి, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి మామూలుగా ఉంటే ఇబ్బంది తక్కువ. ఒళ్లు నీలంగా మారే టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే పుట్టుకతో వచ్చే గుండె జబ్బు సంగతి వేరు. అందులో ఊపిరితిత్తులకు పోయే ఇరుకు దారిని సర్జన్ వెడల్పు చేస్తాడు. ఆ పనిలో అక్కడి వాల్వ్ చాలాసార్లు సరిగ్గా మూసుకోకుండా పోతుంది. పంపిన రక్తంలో కొంత వెనక్కి కారుతూ, గుండె కుడివైపు కింది గది ఏళ్ల తరబడి సాగుతుంది. అమ్మాయికేమో ఏమీ తెలియదు, స్కూటీ మీద కాలేజీకి వెళ్లొస్తుంది. ఆరో నెలలో ఆయాసం వస్తే "కడుపుతో ఉంటే మామూలే" అంటారు. అందుకే గర్భం అనుకోకముందే ఎకో, అంటే గుండె స్కాన్, తీయించాలి.

మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లది ఇంకా చిక్కు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ 6 నుంచి 12 వారాల మధ్య పిండానికి హాని చేయొచ్చు. భయపడి సొంతంగా మానేస్తే వాల్వ్ మీద గడ్డకట్టి తల్లి ప్రాణం మీదికొస్తుంది. ఊపిరితిత్తుల రక్తపోటు తీవ్రంగా ఉంటే మాత్రం గర్భం వద్దనే చెబుతారు.

గుండె ఆపరేషన్ అయితే సిజేరియనే అనేది వట్టి అపోహ. చాలామందికి నడుముకి ఇంజక్షన్ ఇచ్చి నొప్పి తగ్గించి, మామూలు కాన్పే చేస్తారు. అసలు టెన్షన్ బిడ్డ బయటపడ్డాక! గర్భసంచి ముడుచుకుని, అందులోని రక్తం ఒక్కసారిగా గుండెకి చేరుతుంది. అందరూ బిడ్డ చుట్టూ మూగితే, తల్లి మానిటర్ వంక చూసే మనిషి ఒకరుండాలి. ఆ తర్వాత రెండు మూడు రోజులూ అంతే.

బిడ్డ గుండెనీ 18 నుంచి 22 వారాల మధ్య స్కాన్‌లో చూస్తారు.

ఇంతలో నర్సు పిలిచింది. "పాత ఆపరేషన్లేమైనా ఉన్నాయా?" తల్లి నోరు విప్పేలోపే, ఆ అమ్మాయి చున్నీ పక్కకి జరిపి మచ్చ చూపించింది. "డిశ్చార్జ్ కాగితం ఉందామ్మా?" ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.