మత్తు డాక్టరు అన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతారు?

కర్నూలు

చిరంజీవులైన మా అబ్బికి, అమ్మికి మీ జేజి ఆశీర్వదించి రాయు ఉత్తరం.

వచ్చే సోమవారం అబ్బికి టాన్సిల్స్ ఆపరేషన్ అని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. "మత్తు ఇస్తే మళ్ళీ లేస్తానా జేజీ?" అని అబ్బి, "నిద్రపుచ్చేదానికి కూడా ఒక డాక్టరు కావాలా?" అని అమ్మి అడిగారు. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ పనే చేసినదాన్ని కాబట్టి, రెండు ముక్కల్లో తేల్చడం ఇష్టం లేక కూర్చుని రాస్తున్నాను.

అమ్మీ, అది నిద్ర కాదు. నిద్రపోయేవాణ్ణి చీమ కుడితే లేస్తాడు. మత్తులో ఉన్నవాడు కత్తి తగిలినా లేవడు. తెలివి లేకుండా చేయడానికి ఒక మందు, నొప్పి ఒంటికి తెలియకుండా ఒకటి, కండరాలు సడలడానికి మరొకటి ఇస్తారు. ఊపిరి తీసేవీ కండరాలే కాబట్టి, అవి కూడా సడలిన తరువాత రోగి ఊపిరి మత్తు డాక్టరు చేతిలోకి వస్తుంది. ఆ డాక్టరు అక్కడ ఉండేది అందుకే. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో మోర్టన్ అనే పళ్ల డాక్టరు ఈథర్ ఆవిరి పీల్పించి చూపించేదాకా, చాలాచోట్ల రోగిని నలుగురు అదిమి పట్టుకుంటేనే కోత సాగేది. మన హైదరాబాదులో కూడా 1888, 1889లలో నిజాం ప్రభుత్వ ఖర్చుతో క్లోరోఫాం మీద కమిషన్లు పరిశోధనలు చేశాయి. ఆ కాలంలోనే అక్కడ రూపాబాయి ఫర్దూంజీ అనే ఆమె ఆడవాళ్లలో తొలి మత్తు డాక్టరుగా పేరు తెచ్చుకుంది.

నిజానికి ఈ పనిలో సగం ఆపరేషన్‌కు ముందే, ప్రశ్నల్లోనే జరిగిపోతుంది. అబ్బీ, నీ బరువు ఎంత అని మొదట అడుగుతారు. నీవు 22 కిలోలు అనుకుంటే, తెలివి లేకుండా చేసే ప్రొపోఫాల్ అనే పాలలాంటి తెల్లటి మందు కిలోకు సుమారు 3 మిల్లీగ్రాముల లెక్కన 66 మిల్లీగ్రాములు, అంటే సిరంజిలో ఆరున్నర మిల్లీలీటర్లు. నీ ఒంట్లో ఉండే రక్తం ఒకటిన్నర లీటరు మాత్రమే గనుక, పెద్దవాళ్లకు లెక్కలోకి రాని రక్తస్రావం కూడా నీ విషయంలో లెక్కకు వస్తుంది. ఊపిరి అందించడానికి గొంతులో పెట్టే గొట్టం సైజు నీ వయసుతో కడతారు: నీ ఎనిమిదేళ్లను నాలుగుతో భాగించి నాలుగు కలిపితే 6 మిల్లీమీటర్లు. అయినా దానికంటే చిన్నదీ పెద్దదీ కూడా టేబుల్ మీద సిద్ధంగా ఉండాల్సిందే.

నోరు తెరిచి నాలుక బయటికి పెట్టమన్నది ఆటకు కాదు, గొట్టం వేసే దారి ఎంత కనిపిస్తుందో చూడడానికి. జలుబు చేసిందా అంటే దాచవద్దు. జలుబు ఉన్న గొంతు చిన్నదానికే బిగుసుకుపోతుంది, అందుకే కొన్నాళ్లు వాయిదా వేస్తారు. ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందా అనేదీ ఊరికే అడిగే మాట కాదు. మన సీమలో ఆర్యవైశ్య కుటుంబాలు ఎక్కువ కదా, వారిలో కొందరికి ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువ ఉంటుంది. అందరికీ నిమిషాల్లో దిగిపోయే సక్సినైల్‌కోలిన్ అనే సడలింపు మందు అలాంటివారిని గంటలకొద్దీ కదలనివ్వదు. అంతసేపూ మిషనే ఊపిరి ఇవ్వాలి. ఆ ఒక్క ప్రశ్న అడిగితే వేరే మందు వాడతారు.

ఇక ఉపవాసం. అన్నం, పాలు, టిఫిన్ ఆరు గంటల ముందే ఆపాలి. మంచినీళ్లు మాత్రం రెండు గంటల ముందుదాకా తాగవచ్చు. ఒకసారి ఏడేళ్ల పిల్లవాడు ఆకలికి ఏడుస్తుంటే వాళ్ల అవ్వ చూడలేక తెల్లవారుజామున పిడికెడు ఉగ్గాని చాటుగా పెట్టింది. నేను రెండుసార్లు అడిగినా ఏమీ తినలేదనే చెప్పింది. ముసుగు పెట్టిన కాసేపటికే వాడి గొంతులోకి వాంతి వచ్చింది. తలవైపు బల్ల కిందికి వంచి, వాణ్ణి పక్కకు తిప్పి, సక్షన్‌తో లాగేశాము. పారదర్శకమైన ఆ గొట్టంలో పసుపు పూసిన బొరుగులు, రెండు ఆవగింజలు కదిలిపోవడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. అదృష్టం, ఊపిరితిత్తుల్లోకి పోలేదు. ఆ రోజు ఆపరేషన్ మానేశాము. ఆ అవ్వను కోప్పడడానికి నాకు నోరు రాలేదు. ఆకలికి ఏడ్చే బిడ్డను ఎత్తుకున్నది ఆమె, నేను కాదు.

థియేటర్‌లో నీ వేలికి ఒక క్లిప్పు పెడతారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే దాని 'టిక్ టిక్' స్వరం కిందికి దిగుతుంది కాబట్టి, మేము చూపు ఎక్కడున్నా చెవి మాత్రం దాని మీదే ఉంచుతాము. నీవు వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ తెర మీద అలలా కనిపిస్తుంది. గొట్టం సరైన దారిలో ఉందనడానికి అంతకంటే నమ్మకమైన సాక్ష్యం లేదు.

అబ్బీ, లేస్తావు. ప్రమాదం అసలే లేదని అబద్ధం చెప్పను, కానీ నీలాంటి ఆరోగ్యమైన పిల్లలకు అది చాలా అరుదు. మత్తులో ఉంచే ఆవిరి మందు ఆపితే నీ ఊపిరితోనే బయటికి పోతుంది, కండరాల సడలింపుకు విరుగుడు ఇస్తారు. నీవు సొంతంగా ఊపిరి తీస్తూ దగ్గినాకే గొట్టం తీస్తారు. లేచాక గొంతు గరగరలాడుతుంది, ఎందుకో తెలియకుండా ఏడుపూ రావచ్చు, సిగ్గుపడవద్దు.

నీ పై పన్ను ఊగుతోందని అమ్మి నాకు చెప్పింది. అది ఊడి ఊపిరిగొట్టంలో పడే వీలుంది గనుక, సోమవారం మత్తు డాక్టరు అడిగేదాకా ఆగకుండా నీవే వేలితో కదిలించి చూపించు.

మీ జేజి