డైనోసార్లను చంపింది రాయా, లావానా? మన బొగ్గు పొరల దాకా వచ్చిన గొడవ

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్ల నిలబెట్టిన డైనోసార్ ఎముకల గూడు చూసిన పిల్లలు అడిగే మొదటి మాట "ఇది ఎట్ల సచ్చింది" అని, పక్కనున్న పెద్దోళ్ళు వెంటనే "ఉల్క పడి" అంటరు. మా అక్క కొడుకు అడిగినప్పుడు నేను కూడా అదే అనబోయి ఆగిన. ఎందుకంటే ఆ డైనోసార్ పేరు కోటసారస్, అది పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది, 1988ల జియలాజికల్ సర్వేకు చెందిన యాదగిరి దానికి పేరు పెట్టిండు, అది బతికింది జురాసిక్ కాలంల. ఉల్క పడ్డది దాని తర్వాత పది కోట్ల ఏళ్ళు దాటినంక. అంటే మనం జవాబు చెప్పే జంతువు వేరు, పిల్లగాడు చూస్తున్న జంతువు వేరు. పైగా "ఉల్క" అనే ఒక్క ముక్కల ముగించే కథ కాదు ఇది, దీని వెనక రెండు వందల ఏళ్ళ కొట్లాట ఉంది, అందుల పెద్ద భాగం మన దేశం రాళ్ళ మీదనే నడిచింది, ఇంకో భాగం మన గోదావరి లోయల ఉన్న బొగ్గు లాంటి బొగ్గు మీద.

ఒకసారి మన తొవ్వ గుర్తు చేసుకోండి. వరంగల్, హన్మకొండ గుట్టలన్నీ గ్రానైటే, ఏ ప్రాణీ ఆనవాలు పెట్టలేని, రెండు వందల కోట్ల ఏళ్ళకు పైబడ్డ రాయి. కరీంనగర్ దాకా అదే రాయి. పెద్దపల్లి దాటి గోదావరిఖని వైపు పోతాంటే ఇసుకరాయి మొదలైతది, దాని నడుమ బొగ్గు. మంచిర్యాల, చెన్నూరు చుట్టూ ఎర్రమట్టి రాళ్ళు, వాటిల్ల ఎముకలు. ఇంకా ఉత్తరంగ ఆదిలాబాద్ వైపు పోతే నల్లరాయి, అది అరిగి అయిన నల్లరేగడి, అందుల పత్తి. ఆ నల్లరాయి దక్కన్ లావా. ఒక్క రోజు బస్సు ప్రయాణంల రెండు మహా వినాశనాలకు అటూ ఇటూ ఉన్న రాళ్ళ మీదికెల్లి పోతం.

అసలు ఒక జాతి మొత్తానికి మొత్తం లేకుండ పోతదని మనుషులు ఒప్పుకున్నదే ఈ మధ్య. 1796ల పారిస్‌ల కువియే అనే ఆయన ఏనుగు ఎముకలూ, పాత రాళ్ళల్ల దొరికిన ఏనుగు లాంటి ఎముకలూ పక్కపక్కన పెట్టి, ఇవి ఇప్పుడు ఎక్కడా బతికి లేని జంతువులవి అని చూపించిండు. పారిస్ చుట్టూ పొరలు చూసి, భూమి మీద ఉన్నట్టుండి పెద్ద ఉత్పాతాలు వచ్చినయి అని కూడా అన్నడు. కానీ 1830లల్ల లయెల్ అనే జియాలజిస్టు వచ్చి, ఇయ్యాల వాన, నది, అగ్నిపర్వతం చేసే పనే నిన్న కూడా చేసినయి, అంతా మెల్లగ జరిగింది అన్నడు, ఆ మాటే నిలబడ్డది. డార్విన్ కూడా రాళ్ళల్ల జీవాలు ఉన్నట్టుండి మాయమైనట్టు కనబడితే అది నడుమ పొరలు పోయినందుకు అనుకున్నడు. 1860ల జాన్ ఫిలిప్స్ శిలాజాల లెక్క గీత గీసి చూపిస్తే రెండు చోట్ల పెద్ద గుంతలు కనబడ్డయి, అవి ఇప్పుడు మనం పర్మియన్ కాలం చివర (25.2 కోట్ల ఏళ్ళ కింద), క్రెటేషియస్ కాలం చివర (6.6 కోట్ల ఏళ్ళ కింద, డైనోసార్లు పోయినప్పుడు) అనేవే, అయినా నూరేళ్ళ దాకా ఎవరూ గట్టిగ పట్టించుకోలే. 1982ల రాప్, సెప్కోస్కి అనే ఇద్దరు సముద్ర జీవాల లెక్క మొత్తం తీసి ఐదు పెద్ద వినాశనాలు అని తేల్చినంకనే "బిగ్ ఫైవ్" అనే మాట అందరి నోట్లకు వచ్చింది.

అప్పటికే ఇటలీల గుబ్బియో అనే ఊరి దగ్గర అసలు పని మొదలైంది. అక్కడ సముద్రం అడుగున ఏర్పడ్డ సున్నపురాయి పొరలు పుస్తకం పేజీల లెక్క ఉంటయి. వాల్టర్ అల్వరెజ్ అక్కడ ఒక సెంటీమీటరు మందం మట్టి పొర చూసిండు. దాని కింద రాయిల ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలు ఇసుక గింజంత సైజుల బోలెడు, దాని మీది రాయిల దాదాపు ఏం లేవు, ఉన్నయి కూడా మరీ చిన్నయి. ఈ ఒక్క సెంటీమీటరు పేరుకోవడానికి ఎన్ని ఏళ్ళు పట్టిందో తెలుస్తే వినాశనం మెల్లగనా, గబుక్కునా అన్నది తేలుతది కదా. వాల్టర్ తండ్రి లూయిస్ అల్వరెజ్ నోబెల్ వచ్చిన ఫిజిక్స్ సైంటిస్టు, ఆయన ఒక ఉపాయం చెప్పిండు: ఆకాశం నుంచి అంతరిక్ష ధూళి ఎప్పుడూ సన్నగ రాలుతనే ఉంటది, అందుల ఇరిడియం అనే లోహం ఉంటది, భూమి పైపొరల ఇరిడియం చాలా తక్కువ, కాబట్టి ఇరిడియం కొలిస్తే కాలం తెలుస్తది అని. ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్ కొలిచిన్రు. మామూలు కంటే 30 రెట్లు వచ్చింది. డెన్మార్క్‌ల అదే పొరల 160 రెట్లు. కాలం కొలుద్దామని పోయినోళ్ళకు ధూళి లెక్కతోని కుదరని సంఖ్య దొరికింది, 1980ల నలుగురూ కలిసి పది కిలోమీటర్ల అడ్డం ఉన్న గ్రహశకలం పడ్డదని రాసిన్రు.

అందరూ అడిగింది ఒకటే, గుంత ఏది? గుంత అప్పటికే దొరికి ఉంది. మెక్సికో యుకటాన్‌ల నూనె కోసం సర్వే చేసిన పెన్‌ఫీల్డ్, కమార్గో 1981లనే ఒక మీటింగుల చెప్పిన్రు, కానీ వినాశనం మీద పని చేసేటోళ్ళకు ఆ మాట చేరనే లేదు. నడుమ 1984ల అమెరికాల అదే పొరల గీతలు పడ్డ క్వార్ట్జ్ అనే ఖనిజం దొరికింది. ఆ గీతలు అగ్నిపర్వతం పేలుడుకు పడయి, అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద దెబ్బ తగులుతేనే పడతయి. హైతీల గాజు గోళీలు దొరికినయి. చివరికి 1991ల హిల్డెబ్రాండ్, పెన్‌ఫీల్డ్ వాళ్ళు కలిసి చిక్సులుబ్ గుంతే ఇది అని రాసిన్రు, సుమారు 180 కిలోమీటర్ల వెడల్పు, వయసు 6.6 కోట్ల ఏళ్ళు.

ఇక్కడికి కథ ఆగిపోయేది, దక్కన్ లావా లేకుంటే.

అల్వరెజ్ పేపరు వచ్చిన రోజులల్లనే డ్యూయీ మెక్లీన్ అనే ఆయన, డైనోసార్ల కాలం చివర్ల భారత్‌ల అంత లావా పొంగింది, దాని కార్బన్ డయాక్సైడే వాతావరణం చెడగొట్టింది అన్నడు. ఆయన మాట పెద్దగ ఎవరూ ఇనలే. 1986ల ఫ్రాన్స్‌కు చెందిన కోర్టియో, ఆయన తోటోళ్ళు దక్కన్ రాళ్ళ వయసు, వాటిల్ల ఉండిపోయిన అయస్కాంత దిక్కు కొలిచి, ఈ లావా కోట్ల ఏళ్ళు కాదు, చాలా తక్కువ కాలంల, సరిగ్గా డైనోసార్లు పోయిన ఆ హద్దు చుట్టూనే పొంగిందని చూపించిన్రు. ఇయ్యాల కూడా దక్కన్ లావా ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు పరుచుకొని ఉంది, పడమటి కనుమలల్ల రెండు కిలోమీటర్ల మందం దాకా ఉంది.

దీంట్ల మనోళ్ళకు చెప్పాల్సిన ముచ్చట రాజమండ్రిది. పడమటి కనుమల దిక్కు పొంగిన లావా పాత నదీ లోయ పట్టుకొని దాదాపు వెయ్యి కిలోమీటర్లు తూర్పుకు పారి సముద్రం దాకా పోయింది, రాజమండ్రి దగ్గర క్వారీలల్ల అది ఇప్పటికీ కనబడతది. అక్కడ కింద లావాకూ మీది లావాకూ నడుమ సముద్రపు మట్టి పొర ఉంది. 2008ల గెర్టా కెల్లర్ బృందం ఆ మట్టిల, వినాశనం అయినంక మొట్టమొదట వచ్చే సన్నటి ఫొరామినిఫెరా చూసిన్రు, అంటే కింద ఉన్న పెద్ద లావా వినాశనం హద్దు దగ్గరికే వచ్చి ఆగిందని వాళ్ళ వాదన. గుబ్బియోల కనబడ్డ అసొంటి చిన్న గుల్లలే గోదావరి ఒడ్డున లావా నడుమ దొరకడం నాకైతే ఈ మొత్తం కథల అన్నిటికంటే గట్టి సాక్ష్యం అనిపిస్తది, ఎందుకంటే లావానూ, జీవాలనూ ఒకే గోడ మీద చూడొచ్చు.

మరి తేలిందా అంటే పూర్తిగ తేలలే. 2019 ఫిబ్రవరిల ఒకే పత్రికల ఒకేసారి రెండు పేపర్లు వచ్చినయి. షోన్ బృందం లావా పొరల నడుమ ఉండే ఎర్రమట్టిల జిర్కాన్ అనే స్ఫటికం గింజలు ఏరి వయసు తీసి, ఉల్క పడడానికి కొన్ని పదుల వేల ఏళ్ళ ముందే పెద్ద పొంగు ఒకటి వచ్చింది అన్నరు. స్ప్రెయిన్ బృందం లావాలనే ఉండే ఖనిజాన్ని, దాంట్ల చేరిన ఆర్గాన్ వాయువు లెక్కతోని వయసు తీసే పద్ధతిల కొలిచి, ముప్పావు వంతు లావా ఉల్క పడ్డ తర్వాతనే వచ్చింది అన్నరు. ఉల్క దెబ్బకు భూమి అదిరి లావా ఎక్కువైందా అనే ఆలోచన కూడా అంతకు ముందు నుంచే ఉంది. ఎక్కువ మంది ఇయ్యాల ఉల్కనే అసలు కారణం అంటరు, నేనూ అటే మొగ్గుత, కానీ దక్కన్‌ను పక్కకు తోసేసి రాసే కథలు చదువుతే బాధ అయితది, ఆదిలాబాద్ పత్తి చేను మట్టి కూడా ఆ కేసుల సాక్షే కదా.

కానీ డైనోసార్లను చంపినదే అన్నిటికంటే పెద్ద వినాశనం అనుకుంటే తప్పు. అసలు పెద్దది 25.2 కోట్ల ఏళ్ళ కింద, పర్మియన్ కాలం చివర. సముద్రపు జాతులల్ల 80 శాతం కంటే ఎక్కువ, కొన్ని లెక్కలల్ల 96 దాకా పోయినయి. అప్పుడు ఉల్క పడ్డ ఆధారం ఏదీ నిలబడలే. దానికి దొరికిన నేరస్తుడు సైబీరియా లావా.

ఇక్కడ జిర్కాన్ సంగతి కొంచెం చెప్పాలె. అగ్నిపర్వతం బూడిదల పుట్టే ఈ చిన్న స్ఫటికం తయారైతున్నప్పుడు యురేనియంను లోపలికి తీసుకుంటది, సీసాన్ని రానియ్యది. తర్వాత యురేనియం ఒక లెక్క ప్రకారం సీసంగ మారుతది. కాబట్టి ఇప్పుడు లోపల ఉన్న సీసం ఎంతో చూస్తే వయసు వస్తది. చైనాల మెయిషాన్ అనే చోట శిలాజాలున్న సున్నపురాయి నడుమ నడుమ బూడిద పొరలున్నయి. వాటితోని బర్గెస్, బౌరింగ్ 2014ల లెక్క కడితే ఆ మహా వినాశనం సుమారు 60 వేల ఏళ్ళల్ల అయిపోయింది. సైబీరియా రాళ్ళకు కూడా వాళ్ళే అదే గడియారం పెట్టి చూస్తే, లావా మొదట చాలా కాలం పైపైన పారింది, అప్పుడు పెద్ద నష్టం కాలే. తర్వాత అది పైకి రాక, భూమి లోపల పొరల నడుమకు పక్కకు చొచ్చుకొని పోయింది, సరిగ్గా అప్పుడే చావులు మొదలైనయి.

ఆ పొరలల్ల ఏమున్నయి? ఉప్పు, సున్నపురాయి, నూనె, బొగ్గు. లావా కంటే అది కాల్చిన సరుకే ఎక్కువ చంపింది. దీనికి సాక్ష్యాలు వేరే వేరే దిక్కుల నుంచి వచ్చినయి. చెట్లు గాలిల నుంచి తేలిక రకం కార్బన్ ఎక్కువ తీసుకుంటయి, అదే బొగ్గుల ఉంటది, ఆ బొగ్గు కాలితే గాలీ, సముద్రమూ తేలికైతయి, ప్రపంచమంతా ఆ హద్దు దగ్గర సున్నపురాయిల అదే కనబడతది. 2011ల కెనడా ఆర్కిటిక్ రాళ్ళల్ల బొగ్గు కాలిన బూడిద రేణువులు దొరికినయి, రామగుండం థర్మల్ స్టేషన్ చుట్టూ ఉన్నోళ్ళకు ఫ్లై యాష్ అంటే ఏందో చెప్పాల్సిన పని లేదు, దాదాపు అసొంటివే. 2020ల సైబీరియాలనే లావాతోని కలిసి గడ్డకట్టిన రాళ్ళల్ల కాలిన బొగ్గు ముక్కలు చూపించిన్రు.

మన బొగ్గు కూడా పర్మియన్ కాలందే. 1871ల జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర చూసిండు, 1889ల తవ్వకం మొదలైంది. ఈ రాళ్ళకు గోండ్వానా అనే పేరు గోండుల రాజ్యం మీదికెల్లి వచ్చింది, ఆదిలాబాద్ గోండుల పేరే ఇయ్యాల అంటార్కిటికా రాళ్ళకు కూడా ఉంది. ఈ బొగ్గు అయిన చెట్టు గ్లోసాప్టెరిస్. మహా వినాశనంల ఆ చెట్టు పోయింది. ఆ తర్వాత దాదాపు కోటి ఏళ్ళ దాకా ప్రపంచంల ఎక్కడా బొగ్గు పొర దొరకది, బొగ్గు అయ్యే అడవే మిగల్లే. జంతువులల్ల కూడా అంతే, కుందారం పేరు పెట్టిన పొరలల్ల ఎండోథియోడాన్ అనే, పక్షి ముక్కు లాంటి మూతి ఉన్న జంతువు వినాశనం ముందటిది, ఎర్రపల్లి పేరు పెట్టిన పొరలల్ల వాడియాసారస్ అనే జంతువు వినాశనం తర్వాతది. రెండూ పాత ఆదిలాబాద్ జిల్లా ఊర్లే.

మా నాయన బొగ్గు బాయిల పని చేసేటప్పుడు ఒక రాయి తెచ్చిండు, దాని మీద నాలుక లెక్క పొడుగు ఆకు అచ్చు, నడుమ ఈనె, పక్కలకు వల లాంటి ఈనెలు. ఇంట్ల అందరం దాన్ని మామిడాకు రాయి అనేటోళ్ళం. కాలేజీకి పోయినంకనే అది గ్లోసాప్టెరిస్ అని తెలిసింది. ఓపెన్ కాస్టులల్ల (పైనుంచి తవ్వే గనులల్ల) పని చేసే తమ్ముళ్ళకు, డంపర్ నడిపేటోళ్ళకు నేను చెప్పేది ఒక్కటే, మట్టి డంపుల అసొంటి ఆకు కనబడితే ఏ బాయి, ఏ సీమ్ (బొగ్గు పొర) మీది రాయి అని కాగితం ముక్క మీద రాసి అంటించి, దగ్గరున్న కాలేజీ జియాలజీ సారుకు ఇయ్యండి. మా రాయికి ఆ కాగితం లేదు, అడుగుదామంటే ఇప్పుడు నాయన లేడు.