మార్చి నెలలో టోహో సరస్సు: మనవలకు ఒక ఉత్తరం

కిసిమ్మీ, ఫ్లోరిడా
ఫిబ్రవరి నెలాఖరు

చిరంజీవులైన మనవలకు, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

వసంతకాలపు సెలవులకు మీరు ముగ్గురూ న్యూజెర్సీ నుంచి వస్తున్నారని, ఈసారి అన్నిటికన్నా ముందు తాతయ్యతో బాస్ చేపల వేటకే వెళ్లాలని పట్టుబట్టారని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. మన ఇంటికి దగ్గరలోనే ఉన్న టోహోపెకలైగా సరస్సు మీద, ఇక్కడి వాళ్లు ముద్దుగా టోహో అని పిలిచే సరస్సు మీద, ఒక ఉదయానికి గైడును మాట్లాడి ఉంచాను. పడవ ఎక్కిన తరువాత అందరి చూపూ నీటి మీదే ఉంటుంది కనుక, మీరు తెలుసుకుని రావలసిన సంగతులను ముందుగానే రాస్తున్నాను.

మనం వెతకబోయే చేపను లార్జ్‌మౌత్ బాస్ అంటారు. ఆకుపచ్చని ఒళ్లు, పక్కన తల నుంచి తోక దాకా నల్లటి చార, మూసి ఉన్నప్పుడు కూడా కంటిని దాటి వెనక్కి పోయే దవడ దాని గుర్తులు. ఫ్లోరిడాలో పుట్టిన బాస్ మిగతా చోట్ల బాస్ కన్నా బాగా పెద్దదవుతుంది. అందుకే 1959లో కాలిఫోర్నియాలోని శాన్ డియేగో ప్రాంతపు సరస్సులకు, 1970ల తొలి సంవత్సరాల్లో టెక్సస్ సరస్సులకు ఈ చేపలను తీసుకెళ్లి వదిలారు. మన టోహోకు కూడా ఈ విషయంలో పెద్ద పేరే ఉంది. 2001 జనవరి 17న ఇక్కడ జరిగిన పోటీలో డీన్ రోహాస్ అనే ఆయన ఒక్క రోజులో పట్టిన అయిదు చేపలు కలిపి 45 పౌండ్ల 2 ఔన్సులు, అంటే 20 కిలోలకు పైగా తూగాయి.

ఇక్కడి సరస్సులన్నీ లోతు తక్కువ. టోహో నీళ్లు కాలువల గుండా, కిసిమ్మీ నది గుండా దక్షిణానికి పారి చివరకు ఒకీచోబీ సరస్సులో కలుస్తాయి. ఆ ఒకీచోబీ సుమారు 1,900 చదరపు కిలోమీటర్ల సరస్సు, అంటే మన కొల్లేరు అభయారణ్యానికి ఆరు రెట్లు. అయినా దాని సగటు లోతు తొమ్మిది అడుగులే. అలాంటి నీరు రెండు రోజులు ఎండ కాస్తే వేడెక్కుతుంది, ఒక రాత్రి ఉత్తరపు గాలి వీస్తే చల్లబడుతుంది. వసంతకాలపు వేట అంతా ఈ వేడి మీదే ఆధారపడి ఉంటుంది. ఫ్లోరిడాలో చాలా చోట్ల నీరు 14 నుంచి 18 డిగ్రీల సెల్సియస్‌కు చేరే ఫిబ్రవరి, మార్చి నెలల్లో బాస్ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. చలిగాలి అడ్డు వస్తే ఒడ్డుకు వచ్చిన చేపలు కూడా మళ్లీ నాచు లోపలికి జారుకుని మేత మానేస్తాయి. గైడు పడవ దించగానే మొదట చూసేది నీటి ఉష్ణోగ్రతనే. తరువాత గాలి ఏ దిక్కు నుంచి వస్తున్నదో చూసుకుని, ఉత్తరపు గాలి తగలని ఒడ్డు ఏదో ఆలోచించి, అటే పడవ తిప్పుతాడు. చేపలు ఎక్కడెక్కడ ఉంటాయో బట్టీ పట్టినవాడి కన్నా నీటి వేడిని చదవగలవాడే మంచి గైడని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీళ్లు వేడెక్కగానే మగ బాస్ ఒడ్డు దగ్గర, నడుము లోతు కూడా లేని చోట, గట్టి నేల చూసుకుని గూడు కడుతుంది. కింది దవడను నేలకు ఆనించి గుండ్రంగా తిరుగుతూ, తోకతో బురదను ఊడ్చివేస్తూ, పెద్ద జల్లెడంత పళ్లెం ఆకారపు గుంటను సిద్ధం చేస్తుంది. ఎండ పడినప్పుడు ఆ గుంట చుట్టూ ఉన్న నల్లటి నేల మధ్య తెల్లగా మెరుస్తుంది. నీటి మీది మెరుపును ఆపే గైడు కళ్లద్దాలు మీ కళ్లకు పెడితే మీకూ కనబడుతుంది. ఆడ చేప వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. పెద్ద ఆడ చేప లక్ష గుడ్ల వరకూ పెట్టగలదు. ఆ తరువాతి భారమంతా తండ్రిదే. రెండు నుంచి అయిదు రోజుల్లో గుడ్లు పగులుతాయి, ఇంకో వారానికి పిల్లలు ఈదడం మొదలుపెడతాయి, అంగుళం పొడవు వచ్చేదాకా గుంపుగా తండ్రి చుట్టూ తిరుగుతాయి. ఈ రోజులన్నిటిలో ఆ తండ్రి చేప మేత కోసం దూరం పోకుండా, వచ్చిన ప్రతి చేపనూ తరుముతూ ఉంటుంది.

మీకు దీన్ని చూసి ఆశ్చర్యం కలగవచ్చు గాని నాకు కలగలేదు, ఎందుకంటే కొల్లేటి ఒడ్డున పెరిగిన నేను చిన్నప్పుడు మన కొర్రమీనులో ఇదే చూశాను. కొర్రమీను కూడా నాచు మధ్య కాస్త చోటు చేసుకుని గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. దాని పిల్లలు ఎర్రగా, పిడికెడు కుంకుమ నీళ్లలో చల్లినట్టు గుంపుగా పైకి వస్తాయి. ఆ ఎర్రటి గుంపు కనబడిందంటే తల్లో తండ్రో కిందే ఉన్నట్టు. మా ఊళ్లో ఒకాయన గాలానికి చిన్న కప్పను గుచ్చి సరిగ్గా ఆ గుంపు మధ్యలో వేసేవాడు. చేప ఆకలితో కాక కోపంతో వచ్చి కరిచేది, పట్టుబడేది. నేనూ ఒకనాడు ఆయన పక్కన నిలబడి చప్పట్లు కొట్టాను. మర్నాడు పొద్దున్నే అదే చోటుకు వెళ్లి చూస్తే ఎర్రటి గుంపు లేదు. వేరే జాతి చిన్న చేపలు మాత్రం అక్కడ తిరుగుతున్నాయి. అరవై ఏళ్లు దాటినా ఆ నీళ్లు నా కళ్ల ముందు ఉన్నాయి.

బాస్ గూటి దగ్గరా ఇదే జరుగుతుంది. గూటిలో ఎర వేస్తే తండ్రి చేప దాన్ని శత్రువనుకుని నోట కరిచి బయట పారేయాలని చూస్తుంది. దాన్ని పట్టడం చాలా సులభం. అది పడవలో ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే బ్లూగిల్ అనే అరచేతంత చేపలు గూటిలో దూరి గుడ్లు తింటాయి. ఫ్లోరిడాలో బాస్ వేటకు నిషేధ కాలం లేదు, గూటి మీద చేపను పట్టడం నేరమూ కాదు, చాలామంది పడతారు. అయినా మనం పట్టము. నేను గైడును మాట్లాడేటప్పుడు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. తాను గూళ్ల మీద పడవ ఆపనని, గుడ్లు పెట్టడానికి ముందు నాచు అంచుల్లో ఆగి మేత మేసే చేపల కోసమే వెతుకుతానని ఆయన చెప్పిన తరువాతే బయానా ఇచ్చాను.

ఆ నాచు గురించి ఒక మాట. టోహోలో విస్తారంగా పెరిగే హైడ్రిల్లా ఇక్కడి మొక్క కాదు. అక్వేరియం వ్యాపారం వల్ల 1950లలో శ్రీలంక వైపు నుంచి ఫ్లోరిడాకు వచ్చింది. మన చెరువుల్లో కాళ్లకు చుట్టుకునే నాచూ అదే. ఇక్కడ అది కాలువలను మూసివేసే కలుపుగా మారినా, బాస్‌కు మాత్రం నీడగా, మాటుగా ఉపయోగపడుతున్నది. దాని పక్కనే తుంగ, గుర్రపు డెక్క చూసినప్పుడు నాకు క్షణం పాటు ఆకివీడు దగ్గర ఉన్నట్టే అనిపిస్తుంది.

వేట ఇలా సాగుతుంది. తెల్లవారకముందే పడవ నీళ్లలోకి దిగుతుంది. పడవలోని నీళ్ల తొట్టిలో గోల్డెన్ షైనర్ అనే బంగారు రంగు బతికిన చేపలు, మీ జానెడంతవి, తిరుగుతుంటాయి. ఇక్కడి గైడులు పెంపకపు షైనర్ల కన్నా సరస్సులో వల వేసి పట్టిన అడవి షైనర్లనే ఇష్టపడతారు, ఎందుకంటే వాటికి బాస్ అంటే భయం తెలుసు. గైడు షైనర్‌ను గాలానికి గుచ్చి, పైన బెండు కట్టి, నాచు అంచుకు వదులుతాడు. మీరు బెండునే చూస్తూ ఉండండి. మామూలుగా అది మెల్లగా అటూ ఇటూ కదులుతుంది. బాస్ దగ్గరికి రాగానే షైనర్ బెదిరి పైపైకి వస్తుంది, బెండు గజగజ వణుకుతుంది, ఒక్కోసారి షైనర్ నీటి పైకి ఎగిరి పడుతుంది. అప్పుడు చేతులు ఆడించకండి. బెండు ఒక్కసారిగా మునిగి, దారం పక్కకు సాగుతున్నప్పుడు నిదానంగా చుట్టండి. మన గైడు వాడేది కొన లోపలికి వంగిన గాలం. గట్టిగా లాగకపోతేనే అది చేప పెదవి మూలన పడుతుంది, కడుపులోకి పోదు.

చేప చేతికి వచ్చిన తరువాత ఏం చేయాలో నేను నా పొరపాటు వల్ల నేర్చుకున్నాను. మూడేళ్ల క్రితం, ఇంకొక గైడుతో వెళ్లినప్పుడు, నాకు మూడు కిలోల ఆడ బాస్ పడింది. ఫోటో సరిగ్గా రాలేదని మళ్లీ మళ్లీ తీయమన్నాను. మధ్యలో దాన్ని ఎండకు కాలిన పడవ బల్ల మీద పడుకోబెట్టాను. బరువంతా దవడ మీద పడేలా వేలాడదీశాను. నీళ్లలో వదిలితే అది ఈదలేదు, పక్కకు వాలి తెల్లని పొట్ట పైకి తేలింది. గైడు కూడా ముందే నన్ను వారించలేదు. చివరకు నేనే మోకాళ్ల మీద కూర్చుని, దాని కింది పెదవి పట్టుకుని నిటారుగా నిలిపి ఉంచాను. మొప్పలు ఆగి ఆగి తెరుచుకున్నాయి, తరువాత నెమ్మదిగా వరుస కుదిరింది. ఎంతసేపటికో అది నా వేలిని గట్టిగా కరిచి, తోక విసిరి, వెళ్లిపోయింది. నా అరచేతిలో దాని ఒంటి జిగురు మిగిలింది. ఆ జిగురే దానికి రోగాల నుంచి కాపుదల. అందువల్ల ముందు చేతులు తడుపుకోండి, ఒక చేత్తో పెదవి, ఇంకో చేత్తో పొట్ట పట్టుకోండి, ఫోటో ఒక్కటే. మీరు ఊపిరి బిగబట్టగలిగినంత సేపటిలో అది నీళ్లలో ఉండాలి.

మీరు రికార్డుల గురించి అడుగుతారని తెలుసు. 1932 జూన్ 2న జార్జియాలో జార్జ్ పెర్రీ అనే యువకుడు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు, అదే ప్రపంచ రికార్డు. తూకం వేయించి ఇంటికి తీసుకెళితే వాళ్లింట్లో వండుకుని తిన్నారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప దానితో సమానంగా నిలిచింది. నాకు వీటికన్నా ఇష్టమైనది మూడో కథ. 2006 మార్చి 20న కాలిఫోర్నియాలోని డిక్సన్ అనే చిన్న సరస్సులో మ్యాక్ వీక్లీ అనే ఆయన గాలానికి 25 పౌండ్ల 1 ఔన్సు చేప పడింది. రికార్డులో ఉన్న బాస్ కన్నా అది బరువైనది. అయితే గాలం నోటికి కాక ఒంటికి తగిలింది. ఆయన దాన్ని నీళ్లలో వదిలేశాడు, రికార్డుకు దరఖాస్తు పెట్టలేదు. మొప్ప కింద ఉన్న నల్లటి మచ్చను బట్టి డాటీ అని అందరూ పిలుచుకున్న ఆ చేప ఇంకా రెండేళ్లు బతికి 2008లో చనిపోయి తేలింది.

ఇక చిన్న చిన్న విషయాలు. పదహారేళ్ల లోపు పిల్లలకు లైసెన్సు అక్కరలేదు. రాష్ట్ర నియమం ప్రకారం ఒక్కొక్కరు రోజుకు అయిదు బాస్‌లు ఉంచుకోవచ్చు, అందులో 16 అంగుళాలు, ఆ పైన ఉన్నది ఒక్కటే ఉండాలి. మనం ఒక్కటీ ఉంచుకోము. పెద్ద బాస్ ఒంట్లో పాదరసం చేరుతుంది కనుక తినడానికీ అది మంచిది కాదు. పులుసుకు మీ అమ్మమ్మ బజారులో వేరే చేప తెస్తుంది. సరస్సులో మొసళ్లు ఉంటాయి, కాబట్టి చేప వదిలేటప్పుడు తప్ప చేతులు నీళ్లలో పెట్టవద్దు, వాటికి ఏదీ విసరవద్దు. తలకు టోపీ, పొడుగు చేతుల చొక్కా, తెల్లవారుజామున చలికి ఒక స్వెట్టరు తెచ్చుకోండి.

చలిగాలి వస్తే రోజు మార్చుకుందామని గైడు ముందే చెప్పాడు. నేను ఇప్పటి నుంచే రోజూ పొద్దున రేవు దగ్గరకు వెళ్లి ఉష్ణోగ్రత చూసి పుస్తకంలో రాసుకుంటున్నాను. ఈ ఉదయం 17 డిగ్రీలు ఉంది. తుంగ పక్కన రెండు తెల్లటి గుంటలు కనబడ్డాయి. మీరు వచ్చేసరికి ఏ గూటిలో పిల్లలు ఈదుతున్నాయో దూరం నుంచే చూపిస్తాను.

ఇట్లు
మీ తాతయ్య