గొంతు లేదనే మాట: పిల్లల కథా సంగీతంలో అపోహలు – వాస్తవాలు

మా సంగీత కళాశాల డిప్లొమా విద్యార్థులు ఏటా నాలుగైదు ఊళ్ల ప్రాథమిక పాఠశాలలకు వెళ్లి, పిల్లలతో కలిసి ఒక కథను పాటగా కట్టి, సాయంత్రం ఊరివాళ్ల మధ్య దాన్ని నడిపిస్తారు. వారిని ఆ పనికి సిద్ధం చేసే బాధ్యత పన్నెండేళ్లుగా నాది. ఇన్నేళ్లలో మేము వెళ్లిన దాదాపు ప్రతి బడిలోనూ, ఇంకా హార్మోనియం మూత తీయకముందే, ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి ఒకే మాట చెబుతూ వచ్చారు: "ఈ నలుగురికీ గొంతు లేదండీ, వెనక కూర్చోబెట్టేయండి."

అపోహ: కొందరు పిల్లలకు పుట్టుకతోనే గొంతు ఉండదు, వారిని పాడిస్తే మిగతావారి పాట కూడా చెడుతుంది.

వాస్తవం: చాలా సందర్భాల్లో తప్పు పిల్లవాడి గొంతులో కన్నా మనం పెట్టిన శ్రుతిలోనే, అంటే పాటకు ఆధారంగా నిలిపే స్వరంలోనే ఉంటుంది. హార్మోనియం మెట్లను బట్టి శ్రుతులను ఒకటి, ఒకటిన్నర, రెండు అని అంకెలతో చెబుతాము. మా విద్యార్థుల్లో మగపిల్లలు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతుల్లోనూ, ఆడపిల్లలు అయిదు, అయిదున్నరల్లోనూ సాధన చేసినవారు కనుక, బడికి వెళ్లినా అలవాటు కొద్దీ అదే మెట్టు నొక్కుతారు. ఆ అయిదు శ్రుతి షడ్జం, అంటే 'స', ఆరేడేళ్ల బిడ్డకు గొంతు అట్టడుగున ఉంటుంది. అంత కిందికి దిగలేక కొందరు గొణుగుతారు, కొందరు పాటను మాటలా అప్పజెబుతారు. మగగొంతు నేర్పితే మరో చిక్కు వస్తుంది. అతని షడ్జాన్ని పై స్థాయిలో అందుకోవాలని కొందరు పిల్లలకు తమంతట తామే తోస్తుంది. తోచనివారు ఆ బరువు గొంతునే అనుకరించబోయి మధ్యలో ఎక్కడో నిలిచిపోతారు, వారికే మనం అపస్వరమని పేరు పెడతాము. దీనికి మందు చాలా సులువైనది. అయిదు శ్రుతిలో పాడే అమ్మాయి తన మధ్యస్థాయి పంచమాన్నే, అంటే 'ప'నే, పిల్లలకు షడ్జంగా ఇస్తే అది రెండు శ్రుతి అవుతుంది; అంకె చిన్నదైనా ఇది పై వరుసలోని రెండు కనుక ఆమె అయిదు కన్నా ఎత్తులోనే ఉంటుంది. అక్కడి నుంచి పంచమం వరకే పాటను కడితే తరగతిలో ఎక్కువమంది ఆయాసం లేకుండా అందుకుంటారు.

మరొక సంగతి కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. విన్న స్వరాన్ని అదే స్థానంలో తిరిగి పలకగలగడం, మాటలు రావడం లాగే, ఒక్కో బిడ్డకు ఒక్కో వయసులో కుదురుతుంది; ఎనిమిదేళ్లకు కుదరలేదంటే ఇక కుదరదని అర్థం కాదు. స్వరాల మధ్య తేడాను నిజంగానే పోల్చుకోలేనివారు ఉన్నారు గానీ చాలా అరుదు, అది ఒక పూట వర్క్‌షాప్‌లో తేల్చే విషయం కాదు. పిలిచినా పలకని, మాట కూడా తేటగా రాని బిడ్డ కనిపిస్తే చెవి వైద్యుడికి చూపించమని నెమ్మదిగా చెప్పడం వరకే మన పని.

విజయనగరం వైపు ఒక బడిలో మూడో తరగతి అబ్బాయిని ఇలాగే వెనక వరుసకు పంపారు. ఆ రోజు కథ కొండ మీద తప్పిపోయిన మేక గురించి. మా విద్యార్థిని ఒకరు ఆ అబ్బాయిని లేపి, మేకను పిలవమన్నారు. వాడు గదంతా మోగేలా "హోయ్" అని సాగదీసి పిలిచాడు. ఆమె హార్మోనియం మీద వెతికి చూస్తే ఆ పిలుపు రెండున్నర దగ్గర నిలిచింది. వెంటనే అదే షడ్జంగా పెట్టి అందరిచేతా వాడి శ్రుతిలో పాడించారు. వాడు గంటసేపు నిలకడగా పాడాడు. చివరి చరణంలో మళ్లీ జారాడు, కానీ అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు.

నేనూ ఈ తప్పు చేసినవాడినే. మొదటి సంవత్సరంలో శ్రుతి కలవని అయిదుగురు పిల్లలకు చెట్ల వేషాలిచ్చి నోరు మెదపకుండా నిలబెట్టాను. సాయంత్రం ఒక తల్లి వచ్చి, "మా అమ్మాయికి గొంతు లేదా అండీ?" అని అడిగితే ఏదో నసిగి తప్పించుకున్నాను. ఆ అమ్మాయి మర్నాడు రాలేదు. నలభై ఏళ్ల వయసులో నా దగ్గరికి సంగీతం నేర్చుకోవడానికి వచ్చే ఆడవారిలో చాలామంది మొదట చెప్పేది, తమకు గొంతు లేదని చిన్నప్పుడే ఎవరో తేల్చేశారని. ఒకావిడ ఆ భయంతో సొంత బిడ్డకు కూడా జోల పాడలేదట.

మన కథాగాన పద్ధతుల్లో ఈ బెడద లేకుండా ముందే ఏర్పాటు ఉంది, దాని పేరు వంత. 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ వంటి వారి బుర్రకథలో కథకుడు కథ నడుపుతుంటే ఇద్దరు వంతగాళ్లు "తందాన తాన" అందుకుంటారు. మేము తరగతి మొత్తాన్నీ వంతగాళ్లను చేస్తాము. వంతలో స్వరాలు తక్కువ, మళ్లీ మళ్లీ వస్తుంది, తప్పినవారు తర్వాతి చుట్టులో కలుసుకోవచ్చు.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కరలేదు. సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు రాకుండా పాట కట్టకూడదంటారు; సరళీ స్వరాలు రాని అమ్మమ్మలు లాలిపాటలు కట్టారు. కథలు చెబితే శాస్త్రీయ విద్య చులకనవుతుందంటారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు హరికథకు పేరెన్నికగన్న ఆదిభట్ల నారాయణదాసు గారే. వాయిద్యాలు కొనాలంటారు, చింతగింజలు పోసిన డబ్బా, కొబ్బరి చిప్పలు, బోర్లించిన బకెట్టు ఉంటే వానా, గుర్రమూ, ఉరుమూ వచ్చేస్తాయి. కథ చివర నీతి ఉండాలంటారు, పిల్లలు అడగరు.

ఊరివాళ్లు చూడటానికే వస్తారన్నది చివరి అపోహ. మేక కథనే మరో ఊళ్లో నడుపుతుంటే, ఒకప్పుడు జముకు వాయిస్తూ పాడే జముకుల కథ చెప్పిన పెద్దాయన వెనక నుంచి లేచి, "ఏటి బాబూ, అలాగరిస్తే మేక ఒస్తాదేటి? బెదిరిపోద్ది" అన్నారు. కొండ ఎక్కేటప్పుడు కేక సరేగానీ, మేక కనబడ్డాక నాలుక అంగిట కొట్టి పిలవాలని చేసి చూపించారు. పిల్లలందరూ నాలుకలు టకటకలాడిస్తుంటే మా మృదంగం విద్యార్థి దాన్ని అయిదు మాత్రల ఖండచాపు తాళంలో కూర్చాడు. మా పాటలో మేక దగ్గరికి వచ్చే చోట ఇప్పటికీ ఆ టకటకలే ఉన్నాయి.