పబ్లిక్ హియరింగ్‌లో అందరూ వద్దంటే ఫ్యాక్టరీ ఆగిపోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పర్యావరణ అనుమతుల కాగితాలు చదివి ఊళ్లవాళ్లకు విడమరిచి చెప్పడం నా పని. ఫ్యాక్టరీ వచ్చే ముందు అధికారులు ఊళ్లో జనం మాట వినే పబ్లిక్ హియరింగ్ అయిన మర్నాడు ఎక్కడినుంచైనా ఒకటే ఫోన్. "మేడం, ఒక్కడు కూడా కావాలనలేదు. మీరు వద్దంటే రాదని ఎమ్మెల్యే గారు కూడా మైకులో చెప్పారు. ఇక పోయినట్టే కదా?"

పోలేదు.

అపోహ: హియరింగ్ అంటే ఓటింగ్, మెజారిటీ వద్దంటే ప్రాజెక్టు రద్దు

2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లో చేతులెత్తించి లెక్కపెట్టే పద్ధతే లేదు. ఇంతమంది రావాలన్న కోరం కూడా లేదు, పదిమంది వచ్చినా జరిగినట్టే. కలెక్టరో, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారో కూర్చుని ఎవరేం అన్నారో రాయిస్తారు, అది పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) ద్వారా పైకి వెళ్తుంది. అక్కడ నిపుణుల కమిటీ చూసేది ఏ అభ్యంతరం లేవనెత్తారు, దానికి కంపెనీ ఏం జవాబిచ్చింది అన్నదే. మూడు గంటలు "గో బ్యాక్" అని గొంతు చించుకున్నా మినిట్స్‌లో పడేది ఒక్క వాక్యం, కొందరు వ్యతిరేకించారని.

ఒకచోట కుర్రాళ్లు కుర్చీలు విసురుతుంటే, ఒక పెద్దావిడ కొంగు బిగించుకుని మైకు దగ్గరకు వచ్చి, కంపెనీ ఇచ్చిన పర్యావరణ రిపోర్టులో ఊరి చెరువును ఎండిన గుంటగా రాసిన పేజీ తెరిచి, దాని కింద తన పొలం ఉందని పాస్‌బుక్ జిరాక్స్ జత చేసి ఇచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు, రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్నాకే కదిలింది. ఆ రోజు కంపెనీ వాళ్లు నిజంగా టెన్షన్ పడింది ఆ కాగితానికి.

సాయంత్రం టీవీ స్క్రోలింగ్‌లో ఒక పార్టీ "ప్రజలంతా స్వాగతించారు" అంటుంది, ఇంకో పార్టీ "తరిమేశాం" అంటుంది. రెండూ ఫైలుకెక్కవు. నన్నడిగితే రెండోదే ఎక్కువ నష్టం, ఎందుకంటే దాన్ని నమ్మి ఊరు నిశ్చింతగా పడుకుంటుంది. ఊళ్లవాళ్లను తప్పుపట్టను. నాలుగెకరాలే ఆధారమైన మనిషికి ఎవరో ఒక పెద్దమనిషి ఏం కాదని చెబితే తప్ప కంటిమీద కునుకు రాదు.

ఈలోగా ఈసీ, అంటే పర్యావరణ అనుమతి, వచ్చేస్తుంది. వచ్చిన ఏడు రోజుల్లో కంపెనీ రెండు పేపర్లలో ప్రకటన వేయాలి, ఒకటి మన భాషలో. వేస్తుంది కూడా, ఏ టెండర్ నోటీసుల పక్కనో చిన్న అక్షరాల్లో. ఆ ఈసీని జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో సవాలు చేయడానికి గడువు 30 రోజులు, సరైన కారణం చూపితే ఇంకో 60. ఆ తర్వాత గడువు పెంచే అధికారం ట్రిబ్యునల్‌కే లేదు. బుల్డోజర్ దిగాక నా దగ్గరకు పరిగెత్తుకొచ్చే వాళ్లలో చాలామంది ఆ తేదీ ఎప్పుడో దాటిపోయి ఉంటారు. మాకు మంత్రిగారు మాటిచ్చారండీ అంటారు. ఆ మాటకు అప్పీలులో విలువ లేదమ్మా అని చెప్పడం నా ఉద్యోగంలో నాకు అస్సలు నచ్చని పని. నష్టపరిహారం అడగని అప్పీలుకు ఫీజు 1000 రూపాయలే, ఇది కూడా చాలామందికి తెలీదు.

2010 జూలై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటలో పోలీసు కాల్పుల్లో మనుషులు పోయిన సంగతి అందరికీ గుర్తుంది. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అక్కడ పెట్టబోయిన థర్మల్ ప్లాంటు ఈసీని కొట్టేసిందన్నది మాత్రం ఎవరూ తలుచుకోరు. బీల భూములను, అంటే చిత్తడి నేలలను, కాగితాల్లో పనికిరాని నేలగా చూపారని అప్పీలు వేసినవాళ్లు పట్టుబట్టారు. ఉద్యమం లేకుండా ఆ అప్పీలు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఈసీ పోయింది అప్పీలుతో.

అపోహ: అనుమతి కేంద్రం ఇచ్చింది, రాష్ట్రం చేతిలో ఏమీ లేదు

ఇది ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ చెప్పే మాట. ఈసీ ఎవరిచ్చినా, ఫ్యాక్టరీ నడపడానికి అనుమతి (సీఎఫ్‌ఓ) ఇచ్చేది రాష్ట్ర పీసీబీ. అక్కడికీ అర్జీ పెట్టండి.

అపోహ: హియరింగ్ పెట్టలేదంటే దొంగ అనుమతే

అన్నిసార్లూ కాదు. ప్రభావం తక్కువని లెక్కవేసి బీ2 కేటగిరీలో పెట్టిన ప్రాజెక్టులకు హియరింగ్ అక్కర్లేదు. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ కోసమే పెట్టే యూనిట్లు కొన్నిటిని 2021లో అందులోకి తెచ్చారు. అది సబబా అంటే, నా దృష్టిలో కాదు.

అపోహ: మన వైపు న్యాయం ఉంటే ఏ ఫొటో పెట్టినా పర్లేదు

దయచేసి ఆపండి. 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టింది నిజం, సుప్రీంకోర్టు ఆపమన్నదీ నిజం. కానీ ఏఐ బొమ్మలు తిరగడంతో, కొట్టేసిన చెట్ల గురించి జవాబు చెప్పాల్సినవాళ్లు బొమ్మల గురించి మాట్లాడుతూ కూర్చునే వీలు దొరికింది. వాట్సాప్‌లో వచ్చిందల్లా నాకు పంపొద్దు, మీ బోరు నీటి టెస్ట్ రిపోర్ట్ పంపండి.

అపోహ: జీరో లిక్విడ్ డిశ్చార్జ్ అంటే కాలుష్యం జీరో

అది వాడిన నీళ్లు బయటికి వదలకపోవడం సంగతే. పొగ, వాసన, వాళ్లు భూమిలోంచి తోడే నీళ్లు, మిగిలే ఉప్పు, బురద ఏమవుతాయో విడిగా అడగాలి.

అపోహ: ఫ్యాక్టరీ స్థలంలో పెంచే పచ్చదనం కంపెనీ ఔదార్యం

ఔదార్యం కాదు, మామూలుగా ఈసీలో ఉండే షరతే. నాయకుడు మొక్క పట్టుకుని ఫొటో దిగితే, ఆ షరతు నంబరు ఎంతో అడిగి చూడండి.